గ్రహణం చూసే పద్ధతి బడిలోనే నేర్పాలి
వలయాకార సూర్యగ్రహణం అనగానే శ్రీకాకుళంలోనూ చంద్రుడి చుట్టూ వెలుగు ఉంగరం కనిపిస్తుందనుకోవడం పొరపాటు. 2019 డిసెంబరు 26న అది కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో, 2020 జూన్ 21న రాజస్థాన్, హర్యానా, ఉత్తరాఖండ్‌లలో కనిపించింది. మనకు రెండుసార్లూ పాక్షికమే. 2031 మే 21న కూడా అంతే. పాక్షికమే కదా అని పసుపునీళ్ల పళ్లెంలోకో, ఎక్స్‌రే ఫిల్మ్‌లోంచో చూస్తున్నారు. అలా చూస్తే కంటి లోపలి పొర రెటీనా కాలినా నొప్పి తెలియదు, అదే అసలు ప్రమాదం. అట్టకు గుండుసూదితో ఒక మిల్లీమీటరు బెజ్జం చేసి, సూర్యుడికి వీపు పెట్టి, రెండు మీటర్ల దూరంలో నీడలో ఉంచిన తెల్లకాగితం మీద వెలుగు పడనిస్తే, దాదాపు 18 మిల్లీమీటర్ల బింబం, ఒక పక్క కొరికిన అప్పంలా కనిపిస్తుంది. చెట్టు కింద నేల మీద పడే వెలుగుచుక్కలూ అలాగే మారతాయి. బెజ్జంలోంచి మాత్రం సూర్యుణ్ని చూడకూడదు. విద్యాశాఖ ప్రతి ఉన్నత పాఠశాలలో గ్రహణానికి వారం ముందే పిల్లలచేత ఈ అట్ట తయారుచేయించాలి.
- ఒక సైన్సు ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం