కనుమ నాడు కైలాసగిరి మీద మా కోసం పాట ఆపినవాళ్లకి

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మొన్న కనుమకి కైలాసగిరి మీద జనాన్ని చూస్తే, ఇళ్లలో ఉండిపోయినవి ఆ కాకులొక్కటే అనిపించింది. హనుమంతవాక దగ్గర నిలిచిపోయిన బస్సు కొండెక్కేసరికి గంట దాటింది. టాయ్ ట్రెయిన్ టికెట్టుకి క్యూ, శివపార్వతుల ముందు ఫొటోకి క్యూ, ఆఖరికి నీళ్ల సీసాకీ క్యూయే. గాజువాక నుంచి వెళ్లిన మేం ఆరుగురం ఎవరూ తప్పిపోకూడదని చేతులు పట్టుకుని నడిచాం. మనుషులం తప్పిపోలేదు గానీ, నాన్న చెవి మిషన్ పోయింది.

నాన్న ముప్పయ్యేళ్లు ఫ్యాబ్రికేషన్ పనిలో ఉన్నారు. పొద్దస్తమానం గ్రైండింగ్ మోత, సుత్తి మోత. మోతకి దెబ్బతిన్న చెవికి ముందు సన్నటి శబ్దాలు అందకుండా పోతాయి. మగవాళ్ల గొంతు కొంత అందుతుంది, చిన్నపిల్లల మాట అందదు. ‘స’, ‘శ’ లాంటి అక్షరాలు మధ్యలోనే జారిపోతాయి. మా ఎనిమిదేళ్ల అమ్మాయి మామూలుగా చెబితే వినపడదు, అరిచి చెబితే తాతయ్యకి కోపం. అందుకే దసరాకి 38 వేలు పెట్టి ఆ మిషన్ కొన్నాం. చెవి వెనక పెట్టుకునేది, చిటికెన వేలి కొసంత ఉంటుంది. చర్మంలో కలిసిపోయే రంగు తీసుకోమన్నారు, తీసుకున్నాం. అది అచ్చం వేరుశెనగ తొక్క రంగని కొండ మీద తెలిసింది.

విగ్రహాల దగ్గర పచ్చికలో కూర్చుని, ఇంటి దగ్గర వేసుకెళ్లిన మినప గారెలు తిన్నాం. సెల్ఫీకని నాన్న టోపీ తీశారు. రైలు క్యూలో నిలబడ్డాక చెవి తడుముకున్నారు. పరిగెత్తుకుని వెనక్కొచ్చేసరికి మేం కూర్చున్న చోట వేరే రెండు కుటుంబాలున్నాయి. చుట్టూ ముంతమసాలా కాగితాలు, ఎక్కడ చూసినా వేరుశెనగ తొక్కలు. మా ఆయన మోకాళ్ల మీద వంగి ఒక్కో తొక్కా తీసి చూస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది.

“ఏటైందమ్మా?” అంటూ ఒకావిడ వచ్చారు. శ్రీకాకుళం యాస. పక్కన ఆరేడేళ్ల బాబు, వాడి రెండు చెవులకీ నీలం రంగు మిషన్లు. విషయం చెప్పగానే ఆవిడ అడిగింది ఒక్కటే, ఆన్‌లో ఉందా అని. ఉందన్నాను.

“అయితే ఎవరూ అడుగెయ్యకండి. దాని మీద ఏదైనా కప్పుకుని ఉంటే ఈల వేస్తాది. ముందు ఆ పాట ఆపించండి.”

ఆ ఈల మాకూ తెలుసు. మిషన్ నుంచి వచ్చే శబ్దం మళ్లీ దాని మైకులోకే వెళ్తే కుయ్యిమంటుంది. నాన్న చెవి మీద చెయ్యి ఆనించినప్పుడల్లా వినపడేదే. మా అమ్మాయి దాన్ని తాతయ్య చెవిలో ఉడత అంటుంది. కానీ ఆ ఉడతని పిలిచి వెతకొచ్చని మాకు తట్టలేదు.

పక్కనే కాలేజీ కుర్రాళ్లు బిందెంత స్పీకర్ పెట్టుకుని డాన్సులేస్తున్నారు. పండగ పూట కొండ మీద పాట ఆపమంటే ఆపుతారా అనుకున్నాను. మాట పూర్తవకముందే ఆపేశారు. ఆపడమే కాదు, చేతులు కలిపి మా చుట్టూ దడి కట్టినట్టు నిలబడి, వచ్చేపోయేవాళ్లని పక్కనుంచి పంపించారు. వేరుశెనక్కాయలబ్బాయి అరుపు మానేసి, ఇసక జల్లించే జల్లెడ కూడా తెచ్చిచ్చాడు. పండగ బేరం వదులుకుని వచ్చాడు, నేను మర్చిపోను.

పెద్దవాళ్లకెవరికీ ఏమీ వినపడలేదు. సన్నటి కూత పిల్లల చెవికే బాగా అందుతుందని ఆవిడ మా ఇద్దరు పిల్లల్నీ, ఇంకో ముగ్గురినీ పచ్చికలో బోర్లా పడుకోబెట్టారు. ఎర్ర చొక్కా బాబొకడు, ఎవరి పిల్లాడో, “ఇక్కడ దోమ అరుస్తోంది” అన్నాడు. ముంతమసాలా కాగితం ఎత్తితే కింద ఉంది!

ఆవిడ అక్కడితో వదల్లేదు. మిషన్ని చున్నీ కొంగుతో తుడిచి, పొద్దుట్నుంచీ బీప్ బీప్ అంటోందని అమ్మ చెబితే, పర్సులోంచి బ్యాటరీల అట్ట తీశారు. మాదీ గోధుమరంగు స్టిక్కరుదే, 312 సైజు. స్టిక్కరు పీకి బ్యాటరీని అరచేతిలో పెట్టుకుని ఊరికే నిలబడ్డారు. ఇది గాలితో పనిచేసే బ్యాటరీ అట, పైనున్న చిల్లుల్లోంచి గాలి పీల్చుకోవాలి, నిమిషం ఆగి వేస్తే ఎక్కువ రోజులొస్తుందట. మాకు అమ్మిన షాపువాళ్లు ఈ ముక్క చెప్పలేదు. మూడు నెలలుగా స్టిక్కరు పీకడం, వెంటనే లోపల కుక్కడం, వారానికే అయిపోయిందని తిట్టుకోవడం.

తర్వాత రైలెక్కాం, సముద్రం చూశాం, బాగుంది. దిగి వచ్చేసరికి ఆవిడ లేరు. పేరైనా అడగలేదు నేను, సిగ్గుగా ఉంది. కుర్రాళ్లు మాత్రం దొరికారు, మిగిలిన గారెలు వాళ్లకే పెట్టాం. నన్ను ఆంటీ అన్నందుకు కూడా ఏమీ అనుకోలేదు.

ఇది మీ కంట పడితే అక్కా, మీ బాబు మిషన్లకి దారం కట్టి కాలరుకి క్లిప్పు పెట్టారు కదా, అది చూసి అమ్మ ఇంటికెళ్లగానే ఎర్ర ఊలు దారంతో నాన్నకీ అలాంటిది కట్టేసింది. కనుమకి ఎద్దుని ముస్తాబు చేసినట్టు ఇదేంటని ఆయన రోజూ సణుగుతున్నారు, తీయడం మాత్రం లేదు. మీరిచ్చిన అట్టలో ఇంకా మూడు బ్యాటరీలున్నాయి. కొత్త అట్ట కొని నా పర్సులో పెట్టుకున్నాను, అది మీదే.