నీలగిరి తైలం సీసాతో పాటు ఒక ఉత్తరం

రాయగడ

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. బాబుకు జలుబు చేసిందనీ, కర్పూర తైలమో నీలగిరి తైలమో డిఫ్యూజర్‌లో వేసి రాత్రంతా గదిలో ఉంచమని ఎవరో చెప్పారనీ, మన షాపులోదైతే నమ్మకం కనుక ఒక సీసా పంపమనీ మొన్న ఫోనులో అడిగావు. సీసా పంపుతున్నాను. కాని అది అల్లుడుగారి మెడనొప్పికే తప్ప ఎనిమిది నెలల పసివాడికి కాదు. దానికి కారణం ఫోనులో చెప్పలేకపోయాను.

కాగితం మిల్లుకు జామాయిల్ దుంగలు మోసుకుపోయే లారీలను చూస్తూ పెరిగిన దానివి కనుక నీలగిరి తైలమిచ్చే ఆ చెట్టు జాతి నీకు కొత్త కాదు. అయితే గుజ్జు కోసం మన రైతులు వేసే రకం వేరు, మందుకు పనికివచ్చే తైలమిచ్చే గ్లోబులస్ రకం వేరు. ఆస్ట్రేలియాకు చెందిన ఈ రెండో రకాన్ని 1843లో నీలగిరి కొండల్లో నాటారు. మన తైలానికి ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. దానిలో ప్రధానమైన పదార్థం సినియోల్. మందు నాణ్యత గల తైలంలో అది నూటికి 70 పాళ్ళకు తక్కువ ఉండకూడదు. కర్పూరం పూర్తిగా వేరే చెట్టుది. ఆ చెట్టు తైలాన్ని వేరుచేస్తే తెలుపు, పసుపు, గోధుమ రంగు భాగాలు వస్తాయి. చివరి రెండింటిలో సాఫ్రోల్ అనే హానికరమైన పదార్థం ఉంటుంది కనుక అరోమాథెరపీకి, అంటే సువాసన చికిత్సకు, తెల్లదాన్నే వాడాలి. మనం హారతికి వెలిగించేది ఇప్పుడు చాలావరకు టర్పెంటైన్ నుంచి తయారైనదే, కాబట్టి దేవుడి గదిలోని బిళ్ళలు డిఫ్యూజర్‌లో వేసే ఆలోచన ఉంటే మానుకో.

వీటిని పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. ముప్పై ఏళ్ళు మందుల షాపు నడిపిన నేనూ చాలాకాలం అది నిజమేననుకున్నాను. కొలిచి చూస్తే ముక్కులో వాపు దాదాపు అలాగే ఉంటుందట. చలిని గుర్తించే నాడులను ఆ ఘాటు కదిలిస్తుంది కనుక గాలి బాగా ఆడుతున్నట్టు మనసుకు తోస్తుంది. ఆ తోచడం వల్ల పెద్దవాళ్ళకు నిద్ర పడుతుంది, అదీ ఒక మేలే, కాదనను. జర్మనీలో సైనస్ బాధకు సినియోల్‌ను గుళికలుగా ఇస్తారు. అయితే కొలిచి గుళికలో నింపిన మందు వేరు, సీసాలోని తైలాన్ని చెంచాతో మింగడం వేరు.

అల్లుడుగారికి 30 మిల్లీలీటర్ల నువ్వులనూనెలో పన్నెండు చుక్కలు, అంటే నూటికి రెండు పాళ్ళు కలిపి మెడకు మర్దనా చెయ్యి. ముందుగా మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడు. ఏమీ కలపని తైలమే మంచిదని వాదించేవాళ్ళుంటారు. షాపులో సీసాల మీద లేబుల్ జిగురు వదలకపోతే నేను దూదితో ఈ తైలమే రాసేవాణ్ణి, రెండు నిమిషాల్లో జిగురు జారిపోయేది. అంతటిది చర్మాన్ని ఊరికే వదులుతుందా? నువ్వు పాలిస్తున్నావు కనుక నీ ఛాతీకి మాత్రం రాసుకోకు.

ఇక ఫోనులో చెప్పలేకపోయిన మాట. చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చిందని నువ్వు డాక్టర్లకు చెబుతూ వస్తున్నావు. అలా నీకు చెప్పింది మేమే, కాని అది నిజం కాదు. నీకు ఇరవై నెలలప్పుడు దగ్గు పట్టుకుంటే కొబ్బరినూనెలో కర్పూరం కాచి, చల్లారడానికి స్టీలు గిన్నెతో కిటికీ గట్టు మీద పెట్టాను. పెట్టింది నేనే, మీ అమ్మ కాదు. తిరిగి వచ్చేసరికి గిన్నె నీ ఒళ్ళో ఉంది, గడ్డం మీద నూనె కారుతోంది. పావుగంట కూడా కాలేదు, కళ్ళు పైకి తేలి చేతులు కొయ్యబారాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ నీ నోటి దగ్గర వంగి వాసన చూసి, “కర్పూరమెంత వేశారు?” అని నన్నడిగింది, మందుల షాపువాణ్ణని తెలిసి. లెక్క చెప్పలేకపోయాను. కక్కించే ప్రయత్నం చేయకపోవడమే మేలైందని ఆమె అన్నది, ఎందుకంటే కక్కుతున్నప్పుడు ఫిట్స్ వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పసిపిల్లలకు ఒక్క గ్రాము కర్పూరం కూడా ప్రాణం తీయగలదని ఆ రాత్రే తెలిసింది. అమెరికాలో 1980ల తొలినాళ్ళలోనే కర్పూర నూనెను నిషేధించి, పైపూత మందుల్లో కర్పూరాన్ని నూటికి 11 పాళ్ళకు పరిమితం చేశారు. మన ఇళ్ళలో మాత్రం బిళ్ళల లెక్క పెట్టేవాళ్ళెవరు?

మింగితేనే ప్రమాదమని అనుకోకు. రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గర ఇంత ఘాటైనది పెడితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగవచ్చు. వాళ్ళ శ్వాసనాళాలు సన్నవి కనుక శ్లేష్మం కొంచెం పెరిగినా మూసుకుపోతాయి. ఆవిరి గిన్నె అసలే వద్దు, ఒళ్ళు కాలిన పిల్లలను చూశాను. బాబుకు ఉప్పునీటి ముక్కు చుక్కలు వేసి, నిటారుగా ఎత్తుకుని, పాలు కొంచెం కొంచెంగా పట్టించు. పక్కటెముకల దగ్గర చర్మం లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా వెంటనే డాక్టరుకు చూపించు.

నీ ఆరోగ్యం ఫైలులో “జ్వరపు ఫిట్స్” అని రాసి ఉన్నచోట “కర్పూరం మింగడం వల్ల” అని దిద్దించు. రేపు నీకేదైనా మందు ఇచ్చేటప్పుడు అది అవసరం పడుతుంది. సీసాను వంటగదిలో గ్యాసు పొయ్యికి దూరంగా, తాళం పడే పై అరలో పెట్టు. మూత బిగువుగా లేదని రెండు చుట్లు టేపు వేశాను, విప్పేటప్పుడు కత్తెర వాడు. మీ అమ్మ వాము పొట్లం కూడా పెట్టింది, అది నీకూ అల్లుడుగారికీ.

ఇట్లు,
నాన్న