మూత్రం కొలిచిన సిస్టర్‌కి దండాలు

నాన్న నిన్న ఐసీయూ నుంచి వార్డుకి వచ్చారు. డయాలసిస్ అవసరం పడలేదు. మూడు రాత్రుల నిద్ర బాకీ ఉంది, తప్పులుంటే మన్నించండి.

పేరు రాయొద్దన్నారు కాబట్టి నైట్ డ్యూటీ సిస్టర్ అనే అంటాను. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి, బీపీ పడిపోయి, కిడ్నీ పని మందగిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 4.8కి ఎక్కింది. "ఇంకా డయాలసిస్ మెషీన్ పెట్టరేం?" అని అద్దం తలుపు దగ్గర అరిచింది నేనే. ఆవిడ కోప్పడలేదు. చార్టు తెచ్చి వేలు పెట్టి చూపించారు. పొటాషియం 5.4, పీహెచ్ (ఇది తగ్గితే రక్తంలో ఆమ్లం పెరిగినట్టు) 7.29, ఊపిరితిత్తుల్లో నీరు లేదు.

"మందులిచ్చినా పొటాషియం 6 దాటితే, పీహెచ్ 7.15 కిందికి పోతే, మూత్రం తెప్పించే లాసిక్స్ మందుకి కదలని నీరు ఊపిరికి అడ్డం పడితే, యూరియా 240 దాటితే, అర్ధరాత్రయినా పెడ్తరు అన్నా. ముందే పెడితే మెడలో వేసే లైనుకి (ట్యూబుకి) ఇన్ఫెక్షన్ కావచ్చు. మెషీన్ మీద బీపీ పడితే కోలుకునే కిడ్నీకి మళ్లీ దెబ్బ."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. 2016లో ఫ్రాన్స్‌లో 620 మందితో చేసిన అకికి అధ్యయనంలో కొందరికి వెంటనే డయాలసిస్ పెట్టారు, కొందరికి ఆగి చూశారు. ఆగి చూసినవాళ్లలో దాదాపు సగం మందికి డయాలసిస్ పడనేలేదు. ఇదే పోలికతో 2020లో వచ్చిన స్టార్ట్-ఏకేఐ అధ్యయనంలో సుమారు 3 వేల మంది. 90 రోజుల్లో మరణాలు రెండువైపులా 44 శాతం దగ్గరే. బతికినా డయాలసిస్ వదలనివాళ్లు తొందరపడ్డ వైపు 10 శాతం, ఆగిన వైపు 6. అలాగని ఎంతకైనా ఆగొచ్చని కాదు. మరీ సాగదీస్తే లాభం లేదు, ముప్పు ఉండొచ్చు అని 2021లో అకికి-2 అనే తర్వాతి అధ్యయనం చెప్పింది.

ఆగడంలో ఎంత చాకిరీ ఉందో ఆవిడని చూశాకే తెలిసింది. గంటగంటకీ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మూత్రం ట్యూబు ఎక్కడైనా మడత పడిందేమో తడిమి, గీతల డబ్బాని కంటి ఎత్తులో చదివి రాసేవారు. 60 కిలోల మనిషికి గంటకి కనీసం 30 ఎంఎల్ మూత్రం రావాలి. మొదటి రాత్రి 8, 10, 6. మూడో రాత్రి నాలుగింటికి తలుపు తీసి "45 అన్నా" అన్నారు. నేను బయట మెట్ల మీదే కూలబడ్డాను.

ఇంత పని చేసే మనిషికి అప్పగించింది ముగ్గురు వెంటిలేటర్ పేషెంట్లని! మాకు డాక్టరు దొరికేది సాయంత్రం రెండు నిమిషాలు, అదీ సంతకాల కాగితాలతో. మొదట చేర్చిన చిన్న ఆసుపత్రిలోనైతే క్రియాటినిన్ చూడకుండానే నొప్పికి డైక్లోఫెనాక్ పొడిచారు. బీపీ పడ్డ మనిషికి అది కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది.

అమ్మ, తమ్ముడు, బావ... మీకు థాంక్స్ ఇంట్లో చెప్తాను.

రాత్రి రెండింటికి బ్లడ్ గ్యాస్ శాంపిల్ పట్టుకుని పరుగెత్తిన వార్డుబాయ్‌కి థాంక్స్. అయ్యో, వేళ కాని వేళ మెహదీపట్నం నుంచి తెచ్చి పైసా ఎక్కువ అడగని ఆటో అన్నకి కూడా. ఇంకా, రోజూ నాకు చాయ్ తెచ్చిన పక్క బెడ్ చాచాకి. వాళ్లబ్బాయికి పొటాషియం 6.8 వచ్చిందని రెండో రాత్రే మెషీన్ పెట్టారు. ఇంకా లోపలే ఉన్నాడు.