సుగ్గికి పోయేవాళ్ల టీబీ మాత్రల సంగతి చూడండి

ఎడిటర్ గారికి,

దీపావళి దాటిందంటే మా కోసిగిలో వీధి వీధికీ తాళాలు పడతాయి. జనం సుగ్గికి, అంటే కూలి పనికి వలస, గుంటూరు మిరప చేలకు పోతారు. పిల్లల చదువులు ఆగిపోతున్నాయని మీ పేపర్లో ఏటా రాస్తున్నారు, సంతోషం. వాళ్లలో టీబీ మాత్రలు మింగుతూ బండెక్కేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల గురించి రాసింది నాకైతే కనపడలేదు.

నాది మందుల షాపు. సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు మాత్రలు అయిపోయాయని నా దగ్గరికొస్తారు. "అన్నా, ఆ ఎర్ర గొట్టం ఒక్కటియ్యి చాలు, మూత్రం ఎర్రగా వచ్చేది దానికే గదా" అంటారు. ఇవ్వను. ఆ ఎర్ర గొట్టం రిఫాంపిసిన్. అదొక్కటే మింగితే టీబీ క్రిములు దానికి అలవాటుపడి మొండికేస్తాయి. ఆ తిప్పలు లేకుండానే కదా నాలుగు మందులూ ఒకే మాత్రలో పెట్టింది! రిఫాంపిసిన్ 150, ఐసోనియాజిడ్ 75, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు. రెండు నెలలు ఇది, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ లేని మాత్ర. పెద్దవాళ్లకు బరువును బట్టి రోజుకు రెండు నుంచి ఆరు. ఇదివరకు వారానికి మూడు రోజులు గుప్పెడు మాత్రలు మింగేవాళ్లు. 2017 నుంచి రోజూ వేసుకోవాలి గానీ, ఒక మందు మింగి ఒకటి పారేసే వీల్లేదు. నా బేరం పోయినా సరే, ఇది మంచి పనే.

మొన్న పండక్కి ఒకామె కొంగు ముడి విప్పి చూపింది. మాత్రల పట్టీలు (స్ట్రిప్పులు) చూస్తే గుంపులో వాళ్లకు తెలిసిపోతుందని మాత్రలన్నీ ముందే ఒలిచి ప్లాస్టిక్ కవర్లో కట్టుకుంది. ఇథాంబుటాల్‌కు తేమ పీల్చే గుణం ఉంది. చేలో గుడిసె, ఒంటి చెమట... మాత్రలు ఒకదానికొకటి అతుక్కుని, పైపూత లేచి మచ్చలు పడ్డాయి. అలా చెమ్మ తగిలితే లోపలి రిఫాంపిసిన్ పాడవుతుంది. అవి పారేయించి ఆస్పత్రికి పంపాను. పట్టీలోంచి ఒలవొద్దని ఆమెకు ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది.

అధికారులను అడిగేది పెద్ద పనేం కాదు. బండ్లు కదలక ముందే రోగుల బరువు మళ్లీ చూసి, కనీసం నెలకు సరిపడా పట్టీలు చేతికివ్వండి. నిక్షయ్ నంబరు, అంటే సర్కారు టీబీ లెక్కల్లో రోగికిచ్చే నంబరు, కాగితం మీద రాసిచ్చి, కేసును వాళ్లు పోయే చోటికి బదిలీ చేస్తే మిగతా మందులు అక్కడి సర్కారు ఆస్పత్రిలో తీసుకుంటారు. ఏ ఊరి చేలో దిగుతారో రోగికి తెలియదు, కూలీలను తీసుకుపోయే మేస్త్రికి తెలుస్తుంది. ఆయన ఫోన్ నంబరు రాసుకోండి. జబ్బు సంగతి మాత్రం చెప్పకండి, పనిలోంచి తీసేస్తాడు. పోషణకిచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 500 బదులు 1000 రూపాయలైంది. అది బ్యాంకు ఖాతాలో పడేదే, ఊరు మారారని ఆపనక్కర్లేదు.

టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666, ఫోన్ చేస్తే ఖర్చు లేదు. ఈసారి సుగ్గి బండ్ల ఫొటో వేసేటప్పుడు ఆ నంబరు కూడా కింద వేయండి సార్.

- ఒక మందుల షాపు యజమాని,
కోసిగి, కర్నూలు జిల్లా