ఆ జాన్ ఇటు ఇవ్వు

ఫిలడెల్ఫియా,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

ఫోన్లో చెబితే సగంలోనే "సరే, ఉంటారా" అని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాస్తున్నా. మొత్తం చదివి తీరాలి.

ఈ ఊళ్ళో ఒక మాట ఉందిరా. జాన్. మనకి లెక్కలు చెప్పిన జాన్ మాస్టారు కాదు. మన లిపిలో రెండూ ఒకేలా రాయాల్సి వస్తోంది, ఏం చెయ్యను! దీన్ని పలికేటప్పుడు పెదాలు కాస్త గుండ్రంగా చుట్టి, 'ఆ'కీ 'ఓ'కీ మధ్యలో ఆగాలి. జానెడు పొట్టలోని జానా కాదు, పద్యాల్లోని జాణా కాదు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం. పక్క సీటాయన వెస్ట్ ఫిలడెల్ఫియాలో పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, మహా సరదా మనిషి. ప్రొజెక్టర్ వైరు వైపు చూపించి "ఆ జాన్ ఇటు ఇవ్వు" అన్నాడు. ఇచ్చా. మధ్యాహ్నం శాండ్‌విచ్ కొరికి "ఈ జాన్ అదిరింది" అన్నాడు. సాయంత్రం "మూల మీద కొత్త జాన్ తెరిచారు, వస్తావా?" అంటే అది హోటలు. మర్నాడు పొద్దున్నే "రాత్రి ఆ జాన్ చూశావా?" అంటే ఈ ఊరి జట్టు ఈగిల్స్ వాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచ్. ఇంత చిన్న వయసులో మతిమరుపేంటి పాపం, అనుకున్నా!

మతిమరుపు కాదు, మాటే అంత. వస్తువు, చోటు, పాట, మనిషి, గొడవ, దేన్నయినా జాన్ అనొచ్చు. ఒకటైతే జాన్, పదైతే జాన్స్. ఇక్కడి నల్లవాళ్ళ నోట పుట్టి, ఊరంతా పాకింది. ఇక్కణ్ణించి రెండు గంటలు డ్రైవ్ చేసి న్యూయార్క్ వెళ్ళి అన్నావనుకో, తెల్లమొహం వేస్తారు.

తమాషా ఏంటంటే, దీని పుట్టిల్లు ఆ న్యూయార్కేనంటారు. అక్కడ హిప్‌హాప్ మొదలైన రోజుల్లో మంచి పాటని 'జాయింట్' అనేవారు. అది ఇక్కడికొచ్చేసరికి మధ్యలో 'యి' కరిగిపోయి, చివర 'ట్' మింగుడుపడి, జాన్ అయింది. ఆ జాయింటయినా తక్కువ తిందా? మొదట అతుకు. తర్వాత నల్లమందు కొంపలు, తర్వాత చిన్నాచితకా హోటళ్ళు, జైలు, గంజాయి చుట్ట... అన్నిటికీ అదే పేరు. దాని వేరు లాటిన్లో 'కలపడం'. ఆ లాటిన్ మాటా, మన యోగం, యుక్తం పుట్టిన సంస్కృతం 'యుజ్' కూడా ఇంకా పాతదైన ఒకే వేరు నుంచి వచ్చినవే. అంటే జాన్‌కీ యోగానికీ దూరపు చుట్టరికం ఉందన్నమాట! మన జాయింట్ కలెక్టర్ గారు ఈ ఊళ్ళో పుట్టుంటే ఏమయ్యేవారో ఊహించుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నా.

ఇక్కడి పెన్సిల్వేనియా యూనివర్సిటీలో విలియం లబోవ్ అని పెద్ద భాషాశాస్త్రవేత్త ఉండేవారు. ఈ ఊరి జనం ఎలా మాట్లాడతారో దశాబ్దాలపాటు టేపుల్లో రికార్డు చేయించి పరిశోధించారు. 2023లో జాన్ డిక్షనరీ డాట్ కామ్‌లోకి కూడా ఎక్కింది. ఇప్పుడు టీషర్టుల మీదా, కప్పుల మీదా అదే. నాకైతే ఆ కప్పులు చూస్తే చిరాకు. నోట్లో ఉన్నప్పటి రుచి అచ్చులో ఏదీ?

సరే, నా ఘనకార్యం విను. దేనికైనా వాడొచ్చు అన్నారు కదా అని, ఎండాకాలం వాటర్ ఐస్ బండి దగ్గరికెళ్ళా. మన గోలా లాంటిదేలే, పుల్ల ఉండదు, కప్పులో వేసిస్తారు. వాటర్‌ని ఇక్కడివాళ్ళు 'వుడర్' అంటారు. పెద్ద పోజుగా "ఒక జాన్ ఇవ్వండి" అన్నా. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఏ జాన్ నాయనా?" అంది. వెనక క్యూ అంతా ఘొల్లుమంది. అప్పుడు తెలిసింది: ఏ దాని గురించి అంటున్నావో ఎదుటివాడికి ముందే తెలిసుండాలి. లేకపోతే అది ఖాళీ గిన్నె. మా పక్క సీటాయన ఇంకో హెచ్చరిక కూడా చేశాడు. ఆడవాళ్ళని జాన్ అంటే అది పోకిరీ మాట, ఆ జోలికి పోకు అని. బుద్ధిగా తలూపా.

అప్పుడే మీ నాయనమ్మ గుర్తొచ్చిందిరా. "ఒరేయ్, ఆ దాంట్లో ఇది ఉంది చూడు, పట్టుకొచ్చి కాస్త ఇందులో ఇది చెయ్యి" అనేది. నువ్వు మారు మాట్లాడకుండా ఇంగువ డబ్బా తెచ్చి పులుసులో వేసేవాడివి! ఎలా తెలిసేదిరా నీకు?

ఆఫీసులో ఈ ముక్కే చెప్పా. మీ జాన్ ఎంతసేపూ దేనికో ఒకదానికి పేరుగానే ఆగిపోతుంది, మా 'ఇది' పనులు కూడా చేస్తుంది, మనసులోకి కూడా దూరుతుంది అన్నా. "మరీ అంత ఇదైపోకు", "ఆ పిల్లంటే వాడికి అదో ఇది" - ఇవి ఇంగ్లీషులో చెప్పేసరికి నా ప్రాణం పోయింది. మర్నాడు పక్క సీటాయన నా టిఫిన్ డబ్బాలో ఇడ్లీ చూసి పేరడిగాడు. చెప్పా. "ఓహో, నువ్వు నిన్న చెప్పిన ఇదీ ఇదేనా!" అన్నాడు. రెండూ ఒకటి కాదని ఎంత చెప్పినా వినడే.

మా పిన్ని కొడుకు వచ్చే నెల ఇటు వస్తున్నాడు. మీ అమ్మగారినడిగి ఆ ఇది ఒక అరకేజీ కట్టించి వాడి చేతికిచ్చి పంపు. కారం తగ్గించొద్దని చెప్పు.

నీ,
రాము