టోపీ కన్నా ముందు నిప్పు

మిత్రమా,

నీ ఉత్తరం అందింది. కరుక్ అనే అమెరికా ఆదివాసుల భాషలో, తలమీద ధరించడాన్ని చెప్పడానికే ఒక క్రియ ఉందని తెలిసి అంత సంబరపడ్డావా! చీర కట్టుకుని, చొక్కా తొడుక్కుని, పూలు ముడుచుకుని, తలపాగా చుట్టుకునే మనవాళ్ళకు అది అంత కొత్త సంగతి కాదులే. ఆ క్రియ రూపాలతో వ్యాకరణవేత్తలు కుస్తీ పట్టనీ. నా మనసంతా తలమీదికెక్కే ఆ వస్తువు మీదే ఉంది.

అది కరుక్ ఆడవాళ్ళు అల్లుకునే బుట్టటోపీ. పేరు అప్‌ఖాన్. వాయవ్య కాలిఫోర్నియాలో క్లామత్ నది ఒడ్డున ఉంటారు వీళ్ళు. టోపీతో వీళ్ళకెంత అనుబంధమంటే, 1850 ప్రాంతంలో బంగారం కోసం ఎగబడి వచ్చిన తెల్లవాళ్ళకు వీళ్ళు పెట్టిన పేరుకు అర్థం ‘వెడల్పు టోపీవాడు’. తుపాకీని, గడ్డాన్ని వదిలేసి టోపీనే పట్టుకున్నారు చూడు!

టోపీల్లో పని టోపీ వేరు, పండుగ టోపీ వేరు. ఓక్ గింజలో, కట్టెలో నింపిన బుట్టను వీపున వేసుకుని, దాని పట్టీని నుదుటి మీదుగా తగిలించుకుని కొండ దిగేవారు. పట్టీ నుదుటిని కోయకుండా పని టోపీ అడ్డుగా ఉండేది. ఇక పండుగ టోపీ సొగసు చూడాల్సిందే. తెల్లటి అల్లిక మీద నలుపు, ఎరుపు నమూనాలు. వాటికి కప్పకాలు, పాముముక్కు లాంటి పేర్లున్నాయి. నమూనా పైకి మాత్రమే కనిపిస్తుంది, లోపలివైపు కనబడదు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది రంగుల సంగతి. తెలుపు బేర్‌గ్రాస్ అనే కొండగడ్డి ఆకుది. నలుపు ఒక సన్నని ఫెర్న్ కాడది. ఆ కాడకు ఒకవైపు నలుపు, రెండోవైపు ఎర్రటి గోధుమరంగు ఉంటాయి. దాన్ని నిలువునా చీల్చి నల్లవైపు మాత్రమే ఉంచుకుంటారు. ఎరుపుకు ఇంకో పెద్ద ఫెర్న్ కావాలి. దాని కాడను చితక్కొట్టి లోపలి రెండు నారలు బయటికి లాగుతారు. పాతకాలంలో ఆల్డర్ చెట్టు బెరడు నోట్లో వేసుకుని నమిలి, నోరు తాంబూలం వేసుకున్నట్టు ఎర్రబడ్డాక ఆ నారలను పెదవుల మధ్యనుంచి లాగేవారట. నారకు రంగు అలా పట్టేది! ఇంత పని తెలిసినవాళ్ళ ముందు మనం నోరు మెదపగలమా? 1929లో లైలా ఓనీల్ అనే పరిశోధకురాలు మ్యూజియం బుట్టల ఫొటోలు పట్టుకెళ్ళి ఈ అల్లికగత్తెలకు చూపించింది. వాళ్ళు మొహమాటపడలేదు, ఏ అల్లికలో ఏది కుదరలేదో చెప్పేశారు.

ఇక అసలు విషయం. అల్లికకు నిలువు పుల్లలు హేజెల్ పొదనుంచి వస్తాయి. పొదను దాని మానాన వదిలేస్తే కొమ్మలు వంకరపోతాయి, పురుగు పడుతుంది, అల్లికకు పనికిరావు. ఒకసారి పైపైన కాల్చితే పొద మొదలునుంచి నిటారుగా, నునుపుగా కొత్త చిగుళ్ళు లేస్తాయి. వసంతంలో బెరడు సులువుగా ఊడివచ్చే రోజుల్లో వాటిని కోస్తారు. బేర్‌గ్రాస్ కూడా కాలిన చోట మొలిస్తేనే సులువుగా వంగుతూ, తెగకుండా గట్టిగా ఉంటుంది. అంటే నిప్పు లేనిదే టోపీ లేదు. అలాంటిది 1905లో క్లామత్ అటవీ రిజర్వు ఏర్పడ్డాక, అడవికి నిప్పు పెట్టడం నేరమైపోయింది. టోపీని ఎవరూ నిషేధించలేదు. నిప్పును నిషేధిస్తే చాలు కదా! అధికారులకు ఆ ఊహ వచ్చి ఉండదు, వచ్చినా లెక్కచేసేవారని నాకు నమ్మకం లేదు.

2020 సెప్టెంబరులో స్లేటర్ కార్చిచ్చు అదే నది ఒడ్డునున్న హ్యాపీ క్యాంప్ ఊళ్ళో దాదాపు 200 ఇళ్ళను బూడిద చేసింది. ఆ రోజు ఈదురుగాలి భీకరంగా ఉన్నమాట నిజమే. కానీ చిన్న మంటలను నూరేళ్ళు ఆపినందుకు అడవిలో పేరుకున్న ఎండు కంప కూడా గాలికి తోడైంది. చివరికి 2025 ఫిబ్రవరిలో, సంప్రదాయ పద్ధతిలో కాల్చుకోవడానికి కరుక్ తెగ రాష్ట్రప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. కాలిఫోర్నియాలో అలాంటి ఒప్పందం అదే మొదటిదట.

మ్యూజియాల సంగతి తలచుకుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. పాత సంగ్రహాలకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ లాంటి విషాలు చల్లేవారు. తీసుకెళ్ళిన వస్తువులను ఇప్పుడు తెగలకు తిరిగి ఇస్తున్నా, పరీక్ష చేయించకుండా తలమీద పెట్టుకోవడానికి భయపడాల్సిందే. ఆ నదీతీరంలో అలంకారాలు ప్రాణమున్నవనీ, వాటికి నాట్యమాడాలని ఉంటుందనీ అంటారు. వాటిని అద్దాల పెట్టెల్లో పడుకోబెట్టింది చాలక విషం కూడా చల్లారు.

నువ్వుండేది కూడా కాలిఫోర్నియాలోనే, ఫ్రీమాంట్‌లోనేగా! సెలవులకు ఎప్పుడూ అదే లాస్ వేగస్ ఏమిటి? ఈసారి ఉత్తరంగా కారు తిప్పు. 96వ నంబరు రహదారి నదిని అంటిపెట్టుకునే సాగుతుంది. ఓర్లీన్స్, సోమ్స్ బార్ దాటి హ్యాపీ క్యాంప్ చేరితే అక్కడ కరుక్ తెగ వారి పీపుల్స్ సెంటర్ ఉంది, బుట్టలు చూడొచ్చు. వెళ్ళేముందు ఫోను చేసి, తెరిచి ఉంటుందో లేదో కనుక్కో. ఫొటో తీసేముందు అడుగు. టోపీ అమ్మకానికి ఉంటే ధర చూసి గొణగకు, ఎరుపు నారకు ఎంత పనో ఇప్పుడు నీకు తెలుసు. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
పాత బెంచీమిత్రుడు