ఎడమచేతి ఓనమాలు

ఒరేయ్ మావా,

ఫోన్‌లో చెప్తే నువ్వు మధ్యలో దూరతావని ఉత్తరమే రాస్తున్నా. మొత్తం చదువు.

మా బుడ్డదానికి వసంత పంచమికి బాసరలో అక్షరాభ్యాసం చేయించాం. ఆ రోజు అక్కడి జనం సంగతి నీకు చెప్పాలా? గోదావరిలో కాళ్లు తడుపుకుని లైన్లో నిలబడితే, మా వంతు వచ్చేసరికి అది నా భుజం మీద నిద్రపోతోంది. లేపి కూర్చోబెట్టాం. పంతులుగారు దాని కుడిచేయి పట్టుకుని పలక మీద 'ఓం నమః శివాయ సిద్ధం నమః' దిద్దించారు. ఆయన చేయి వదిలారో లేదో, బలపం ఎడమచేతిలోకి మారిపోయింది!

మా అమ్మ మొహం చూడాలిరా. ఇంటికొచ్చినప్పటి నుంచీ ఒకటే పోరు. బియ్యం పళ్లెంలో దిద్దిద్దామన్నా కుడిచెయ్యే అంటుంది. స్కూల్లో టీచరమ్మ కూడా "ఇప్పుడే మార్పించేయండి, తర్వాత కష్టం" అంది. నాకు టెన్షన్ పట్టుకుంది. నాలుగు రోజులు నేనూ బలవంతంగా కుడిచేతికిచ్చి చూశా. పలకంటేనే మంచం కిందికి దూరింది. ఇంక ఊరుకున్నా.

అసలు తంటా చెయ్యి కాదురా, చెరిగిపోవడం. మనం ఎడమ నుంచి కుడికి రాస్తాం కదా, దాని చెయ్యి రాసినదాని మీదుగానే పోతుంది. రెండో అక్షరం పెట్టేలోపు మొదటిది మాయం. చిటికెన వేలి కింద అరచేయి అంచంతా సున్నం రాసినట్టు తెల్లగా! "నాన్నా, 'ర' పోయింది" అని నా మొహంలోకి చూస్తుంది, నేనే దాచినట్టు.

అప్పుడు గుర్తొచ్చావురా నువ్వు. మూడో క్లాసులో నోట్సు అడ్డంగా తిప్పేసి రాసేవాడివి, మాస్టారు స్కేలుతో వేళ్ల మీద కొట్టేవాడు. చివరికి రాత కుడిచేతికి మారింది గానీ క్యారమ్స్ స్ట్రైకర్ ఇప్పటికీ ఎడమచేత్తోనేగా! నిన్ను తలుచుకునే పలకను దాని ఎడమ పక్కకు జరిపి, పైభాగం కుడివైపుకు వాలేలా కొంచెం తిప్పి పెట్టా. చెయ్యి గీత కిందికి వచ్చింది. చెరగడం చాలావరకు తగ్గింది.

'అ' మాత్రం ఇంకా రావట్లేదు. లోపల మెలిక తిప్పేసరికి దాని ఓపిక అయిపోతోంది. అందుకే వరస మానేసి 'ర', 'గ' దిద్దిస్తున్నా. సున్నా చుట్టి పైన తలకట్టు పెడితే 'ర' కదా, హాయిగా చుట్టేస్తోంది. అమ్మకిది ఇంకో కోపం, 'అ ఆ'లు రాకుండా 'ర' ఏంటని. అన్నం మాత్రం కుడిచేత్తోనే తినిపిస్తానని ఒప్పందం చేసుకున్నా. ప్రస్తుతానికి ఇంట్లో శాంతి.

ఒక్కటి చెప్పు. అప్పట్లో చెయ్యి మార్పించినప్పుడు నీకెలా ఉండేది? ఎప్పుడూ అడగలేదు నిన్ను. ఈసారి అమ్మతో వాదన వస్తే నీ మాటే చెప్తా.

వెనక పేజీలో నీకోసం 'ర' రాసింది, మామయ్యకట. తలకట్టు అటు తిరిగి ఉంటుంది, కంగారుపడకు. అద్దం ముందు పెట్టి చూసుకో.

నీ
మావ